తొమ్మిది కింద ఎనిమిది

ఫిలడెల్ఫియా టంకశాలలో ముద్రించిన పాత అమెరికన్ రాగి సెంట్లలో 1799 సంవత్సరం వేసినవి చాలా అరుదు. వాటిలో ఒక రకాన్ని భూతద్దం కింద పెడితే, చివరి 9 వెనక నుంచి 8 తొంగి చూస్తుంది. ఇలాంటి నాణేలను ఓవర్‌డేట్ అంటారు. అప్పట్లో ఉక్కు అచ్చులు చేత్తో చేసేవారు. మంచి ఉక్కు ఖరీదు, దాన్ని చెక్కే శ్రమ ఇంకా ఖరీదు. అందుకే 1798 అని ఉన్న అచ్చును పారేయకుండా, 8 మీద 9 కొట్టి వాడేసుకున్నారు.

ఇంకో రకం 1799 కూడా ఉంది. ఎవరో మామూలు 1798 సెంటు తీసుకుని, ఆ నాణెం మీదే 8ని గీకి 9 చేస్తారు. మొదటిదానికి వేల డాలర్లు పెడతారు. రెండోది నకిలీ. చేసిన పని మాత్రం ఒకటే కదా, 8ని 9 చేయడం! మరి ఒకటి చరిత్ర, ఇంకోటి మోసం ఎలా అయ్యాయి?

టంకశాల నిజాయితీ వల్ల అనలేం. పాత అంకెను దాచాలనే వాళ్లూ చూశారు, పూర్తిగా దాగలేదంతే. సంవత్సరం నిజం కావడం వల్లా కాదు. పాత సంవత్సరం ఉన్న అచ్చుల్ని తర్వాతి ఏడాదిలో వాడిన సందర్భాలూ ఉన్నాయి. అరుదైన తప్పు కాబట్టి విలువ అందామా? 1807 సెంట్లలో 6 మీద పెద్ద 7 కొట్టిన రకం సులువుగానే దొరుకుతుంది. చిన్న 7 కొట్టినదే అరుదు, దానికే ధర. అరుదుతనం ధరను చెబుతుంది గానీ, అసలుకీ నకిలీకీ తేడా చెప్పదు.

నాకు తోచిన జవాబు ఇది. నాణెం మనతో ఒక్క మాటే అంటుంది: "టంకశాల నుంచి నేను ఇలాగే వచ్చాను." ఓవర్‌డేట్ విషయంలో అది నిజం. ఆ అచ్చు నుంచి వచ్చిన ప్రతి నాణెం మీదా అదే 8 జాడ, అదే అక్షరాల ఎడం ఉంటాయి. గీకిన నాణెం మీద చివరి అంకె 1799 అంటుంది, పైనున్న అక్షరాలేమో 1798 అచ్చు పోలికే చూపిస్తాయి. ఒక అంకెతో అబద్ధం ఆడించొచ్చు, నాణెం మొత్తంతో ఆడించడం కష్టం. గిట్ వాడే మావాళ్లకు ఇది కొత్త కాదు. విడుదలకు ముందు ఎన్నిసార్లు దిద్దుకున్నా పర్లేదు. పదిమంది చేతికీ వెళ్లాక గుట్టుగా మార్చి, మొదటి నుంచీ ఇంతే అనడమే తప్పు.

ఈ సెంట్లను అచ్చుల వారీగా వర్గీకరించి, 1 నుంచి 70 వరకూ విలువ కొలమానం ఇచ్చినవాడు విలియం షెల్డన్. 1949 నాటి ఆయన పుస్తకంలోని ఆ కొలమానమే ఇవాళ్టి గ్రేడింగ్‌కు మూలం. ఆయన పోయాక తేలిందేమిటంటే, అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోని మేలైన సెంట్లు తీసుకుని, వాటి స్థానంలో అదే రకం నాసి సెంట్లు పెట్టాడని. ఆ పెట్టెలో మిగిలినవీ అసలు నాణేలే. భూతద్దానికి ఏ లోపమూ దొరకదు. "మేం మొదటి నుంచీ ఇక్కడే ఉన్నాం" అన్న మాట ఒక్కటే అబద్ధం.

అందుకే మోసాన్ని రాగిలో మాత్రమే వెతికితే దొరకదనిపిస్తుంది. ఆ రాగి గురించి మనకు చెప్పిన కథను కూడా భూతద్దం కింద పెట్టాలి.