ముందు తీసిన పిడికెడు

రాయ్‌పూర్ స్టేషనుకు అవతలి పక్క, గుఢియారీలో ఒక ఫిట్టరు ఉండేవాడు. తాత పార్వతీపురం నుంచి రైల్వే పనికొచ్చి అక్కడే ఉండిపోయాడు. మనవడు వ్యాగన్ రిపేరు షాపులో చేరాడు. దసరాకి చేతికందిన 78 రోజుల బోనసు, 17,951 రూపాయలు, దీపావళి దాటేసరికే ఆవిరైంది. అందుకని నవంబరు జీతం పడ్డ రోజే గట్టిగా అనుకున్నాడు: ఈసారి క్రిస్మస్ ఖర్చులన్నీ పోను మిగిలింది చర్చి కృతజ్ఞతార్పణ కవర్లో పెట్టాలి.

మాట మంచిదే. ఆ 'పోను' దగ్గరే వచ్చింది పేచీ. ఎదురింటివాళ్లు మూడడుగుల స్టారు కట్టారు, వీళ్లది రెండడుగులది. సెమీ క్రిస్మస్‌కి ఒక చొక్కా, క్రిస్మస్‌కి ఒకటి, కొత్త సంవత్సరం ఆరాధనకి ఇంకొకటి. కోటు గుడ్డ చూసొచ్చాడు. కుట్టుకూలి గుడ్డ ఖరీదును మించిపోయింది. "పండక్కి కూడా ఇంత లెక్క చూసుకుంటే ఎలాగే?" అన్నాడు భార్యతో. ఆమె బదులు చెప్పలేదు. ఎసరు పెట్టి, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేసింది. పూటపూటా చేసేదే. అతనే ఇన్నేళ్లలో ఆ డబ్బా మూత తీసి చూడలేదు.

పండగ వారం చీటీ పట్టుకుని హోల్‌సేల్ బజారుకెళ్లాడు. అరిసెలకి బెల్లం, గులాబీ పువ్వులకి మైదా, నూనె డబ్బా. అక్కడ లారీ దించుతుంటే ఒక బియ్యం బస్తా పిగిలింది. ఒలికింది ఊడ్చుకోమని సేఠ్ అంటే, ఊడ్చే ఆమె చేటలో పోసుకుని కూర్చుంది. చెరిగింది, రాళ్లేరింది, నోటితో దుమ్ము ఊదింది. కొంగున ముడేసుకునే ముందు రెండు పిడికిళ్లు తీసి, పాత రుమాల్లో విడిగా కట్టింది.

"అదెందుకు దీదీ?"

"ఛేర్‌ఛేరాకి భయ్యా. పిల్లలు గుమ్మంలోకొచ్చి అడుగుతారుగా."

"ఉన్నదే కాసిని బియ్యం. తిన్నాక మిగిలితే వెయ్యొచ్చుగా?"

ఆమె నవ్వింది. "తిన్నాక మిగిలిందెప్పుడు?"

ఇంటికొచ్చి డబ్బా మూత తీశాడు. మూడు కిలోలకి కాస్త తక్కువగా ఉన్నాయి బియ్యం. నెల పొడుగునా ఆ ఇంట్లో ఎవరికీ అన్నం తక్కువైన జ్ఞాపకం లేదు. ముందు కవర్లో డబ్బు పెట్టి అంటించాడు, ఆ తర్వాతే చీటీ మళ్లీ రాశాడు. భార్య తొంగి చూసి, "పిల్లల బట్టలు కొట్టేశారా ఏటి?" అంది కంగారుగా. "లేదే, కొట్టేసినవన్నీ నావే." రెండడుగుల స్టారుకే కొత్త బల్బు వేసి కట్టాడు.

నీతి: ఇచ్చేది ముందు తీయాలి. ఖర్చులు పోను మిగలడమన్నది జరగదు.

పేద విధవరాలి రెండు కాసుల కథ చెప్పినప్పుడల్లా ప్రసంగీకులు ఆమె పేదరికాన్నే పొగుడుతారు. ఆ పక్కనే ధనవంతుల గురించి ఉన్న మాట మీద మాత్రం ఎక్కువసేపు నిలవరు: వాళ్లు వేసింది మిగులులోంచి. ఎంత వేశారన్నది కాదు అక్కడ తగువు, ఎక్కణ్ణుంచి తీశారన్నది. ముందే తీసి పక్కన పెట్టినవాడికి తనకు అందింది గుర్తుంటుంది. చివర్లో జేబు తడుముకునేవాడికి అయిన ఖర్చే గుర్తుంటుంది.

ఇది మన స్త్రీల సమాజాలకు కొత్త సంగతేం కాదు. తెలుగు సంఘాల్లో దేవుడి పనికని పిడికెడు బియ్యం తీసే ఇల్లాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. మిజోరంలో ఇదే అలవాటు బుహ్‌ఫాయ్ థమ్ పేరుతో 1910లో మొదలై, అక్కడి సంఘ పరిచర్యకు పెద్ద ఆదాయంగా ఎదిగింది. వాళ్లు ఆ డబ్బుకోసం కోటీశ్వరుల కాళ్లు పట్టుకోలేదు.

పండగపూట పిల్లలకు కొత్త బట్టలు కొనొద్దని ఎవరైనా అంటే నేనొప్పుకోను. కోత పడాల్సింది మూడో చొక్కా మీద, ఎదురింటి స్టారు మీద.

ఛేర్‌ఛేరా వచ్చేది పుష్య పౌర్ణమికి. కోతలై ధాన్యం ఇంటికి చేరాక ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పిల్లలు ఇంటింటికీ తిరిగి ధాన్యం అడిగే రోజది, లేదని పంపరు. 2026లో జనవరి 3న వచ్చింది, క్రిస్మస్‌కి తొమ్మిది రోజుల ఎడంలో. పండగ ఆరాధనకి డబ్బా ఖాళీ అయినా ఆపాటికి మళ్లీ కాసిని పిడికిళ్లు పోగవుతాయి. గుమ్మంలోకొచ్చిన పిల్లల సంచిలో అందులోంచి పోస్తే ఏ పాస్టరుగారూ తప్పుపట్టరు, పట్టినా పొయ్యొచ్చు.