అరిగిన వెండి

నాణేనికి విలువ నిచ్చేది ఏది? అందులోని లోహమా, పైనున్న రాజముద్రయా, పుచ్చుకొనేవాని నమ్మకమా? ఇది అర్థశాస్త్రజ్ఞులు మాత్రమే తేల్చదగిన ప్రశ్న కాదు. మాటకూ దాని అర్థానికీ ఉండవలసిన సంబంధాన్ని గురించిన ధర్మసంశయ మిది. బాల్టిక్ సముద్రతీరపు పాత వెండినాణేలను సేకరించేవారికి ఈ సంశయం అడుగడుగునా ఎదురవుతుంది.

ఆ తీరాన ప్రష్యాలో నివసించిన కోపర్నికస్ గ్రహగతులతోపాటు నాణేల గతినికూడ పరిశీలించాడు. వెండిలో రాగిపాలు పెంచుతూ పోవడం దేశానికి చేటని 1522లో ప్రష్యా ప్రతినిధుల సభలో హెచ్చరించాడు. హీనమైన నాణెం మేలిమినాణేన్ని చెలామణినుండి తరిమివేస్తుందని తరువాతి గ్రంథంలో వివరించాడు.

శతాబ్దం గడచిన పిమ్మట ఆ హెచ్చరిక ఎంత నిజమో తేలింది. 1655లో స్వీడన్ సేనలు పోలండుపై విరుచుకుపడ్డాయి. 1660లో సంధి కుదిరేనాటికి బొక్కసం వట్టిపోయింది. సైనికులకు జీతాలు బాకీపడ్డాయి. 1663లో జాన్ కాసిమిర్ రాజు ముప్పది గ్రోషుల విలువ చెప్పి ఒక క్రొత్త నాణెం వేయించాడు. టంకశాల నడిపిన టింఫ్ పేరే దానికి నిలిచిపోయింది. అందులోని వెండి చెప్పిన విలువలో సగమైనా చేయదు. ఆ లోటును పూడ్చడానికా అన్నట్లు దానిపై ఒక లాటిన్ వాక్యం చెక్కించారు. దేశరక్షణమే దీని వెల, అది లోహంకంటె మిన్న అని దాని భావం. ప్రజలు మాత్రం రాజును సూచించే మూడక్షరాలను విడదీసి, ‘రాజ్యవిపత్తుకు ఆరంభం’ అని చదువుకొన్నారట.

ఆ లాటిన్ వాక్యం అసత్యమా? దేశక్షేమం లోహంకంటె మిన్న అన్నమాట నిజమే. కాని రాజు ఆ త్యాగాన్ని అడిగి పుచ్చుకోలేదు. జీతమని చెప్పి చేతిలో పెట్టి, తెలియకుండ తీసుకొన్నాడు. సత్యవాక్యాన్ని అన్యాయానికి ముసుగు చేయడమే ఇక్కడి దోషం.

రీగా నగరం 1621లో స్వీడన్ వశమైనది. క్రిస్టీనా రాణి పేర అక్కడ ముద్రించిన చిన్న షిల్లింగులు దూరదేశాలలోకూడ చెల్లేవి. 1661నుండి 1665వరకు మోల్డావియాను ఏలిన దబిజా తన సుచావా టంకశాలలో వాటికి నకళ్లు వేయించాడు. ఒక పాలకుడే మరొక పాలకుని ముద్రను దొంగిలించాడన్నమాట. నేటి సేకర్తలు ఆ నకళ్లనుకూడ వెదకి కొంటారు. ఇది అసత్యాన్ని గౌరవించడమా? కాదనే తోస్తుంది. దొంగనాణెం చేతులు మారినంతకాలమే మోసగిస్తుంది. దొంగదని తెలిసి భద్రపరచినప్పుడు అది సాక్షిగా మారుతుంది. ఆ సంగతి దాచి అమ్మేవాడు మాత్రం దబిజా చేసిన పనినే మళ్లీ చేస్తున్నాడు.

సేకర్త మరువరాని విషయం మరొకటి ఉన్నది. అంగడిలో ఎక్కువ వెల పలికేది అరగని నాణెం; అనగా, ఎవరికీ అంతగా అక్కరకు రానిది. రొట్టెకు, ఉప్పుకు, కూలికి చేతులు మారి మారి ముద్ర చెరిగిపోయిన నాణెం చౌక. వెలను అంగడి నిర్ణయించనీయండి. గౌరవాన్ని నిర్ణయించవలసినవారము మనమే. చరిత్రలో పేరు దక్కని మనుష్యులు తమ వ్రేళ్లతో వ్రాసినది ఆ అరుగుదల ఒక్కటే. తళతళలాడాలని దానిని తోమేవాడు వారి వ్రాతను తుడిచివేస్తున్నాడు.