మొహమాటం లేని అతిథి

వాక్యభాగం: లూకా 10:1–9

పిల్లలు విదేశం వెళ్తున్నారంటే వీడ్కోలు కూడికలో దానియేలు మొదటి అధ్యాయం తీయడం మన సంఘాల్లో ఆనవాయితీ. రాజు భోజనం ముట్టనన్న కుర్రవాడి గురించి చెబుతాం, తల మీద చేతులుంచి ప్రార్థిస్తాం, పచ్చడి సీసాలిచ్చి పంపిస్తాం. మంచిదే. కానీ ఎక్స్ఛేంజ్ కార్యక్రమంలో ఎంపికై, పదహారేళ్లకే అమెరికా హైస్కూల్లో చేరే పిల్లకు దానియేలు ఒక్కడే చాలడు. అతన్ని బబులోనుకు చెరపట్టుకుపోయారు, పేరు కూడా మార్చేశారు. ఈ అమ్మాయిని ఎవరూ చెరపట్టలేదు. ముక్కూ మొహం తెలియని కుటుంబం తలుపు తీసి రమ్మంది.

ఆ తలుపు గురించి కాస్త చెప్పాలి. కెన్నెడీ-లూగర్ యూత్ ఎక్స్ఛేంజ్ అండ్ స్టడీ పథకం, అందరి నోటా ‘యెస్’, 2001 సెప్టెంబరు 11 దాడుల దరిమిలా 2002లో పుట్టింది. ముస్లిం జనాభా ఎక్కువగా ఉన్న దేశాల పిల్లల్ని అమెరికా ప్రభుత్వ ఖర్చుతో ఒక విద్యా సంవత్సరం అక్కడి కుటుంబాల మధ్య ఉంచి చదివించాలన్నది ఉద్దేశం. మన దేశం నుంచీ వెళ్లారు, హైదరాబాదు పిల్లలూ వెళ్లారు. పిల్లను ఇంట్లో పెట్టుకున్నవారికి అద్దె గానీ భోజనం డబ్బులు గానీ ఎవరూ ఇవ్వరు. పిల్లల్ని ఇళ్లకు చేర్చే సంస్థల్లో ఏఎఫ్ఎస్ ఒకటి. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ క్షతగాత్రులను అంబులెన్సుల్లో మోసిన అమెరికన్ వాలంటీర్లది ఆ సంస్థ. యుద్ధం ముగిశాక, 1947లో, వాళ్లే హైస్కూలు విద్యార్థుల్ని దేశం దాటించి ఇళ్లలో ఉంచడం మొదలుపెట్టారు. గాయపడ్డవాణ్ణి తన వాహనం మీద ఎక్కించి తీసుకెళ్లిన సమరయుడి ఉపమానం కూడా లూకా పదో అధ్యాయంలోనే ఉంది.

ఇక భోజనాల బల్ల దగ్గరికి వద్దాం. అసలు పరీక్ష అక్కడే. మన ఇళ్లలో ‘ఇంకొంచెం వేసుకో’ అంటే ‘వద్దండీ’ అంటాం. మళ్లీ బలవంతపెడతారన్న ధీమాతోనే అంటాం. అక్కడ ఒకసారి వద్దంటే వద్దనే అర్థం, గిన్నె పక్కవాళ్లకు వెళ్లిపోతుంది. సాయంత్రం ఆరింటికే భోజనం. ఓవెన్‌లోంచి తీసిన పళ్లెంలో చీజ్ ఇంకా బుడగలు కక్కుతుంటుంది. పిల్ల మర్యాదకు వద్దంటుంది. రాత్రి పదింటికి కడుపు నకనకలాడుతుంది. ఫ్రిజ్‌లో ఏం కావాలన్నా తీసుకోమని మొదటి రోజే చెప్పారు గానీ, పరాయి ఇంట్లో ఫ్రిజ్ తెరవడానికి చెయ్యి రాదు. దాంతో సూట్‌కేసు అడుగున ఉన్న జంతికల పొట్లం బయటికొస్తుంది. చప్పుడు కాకుండా జంతిక కొరకడం ఎంత కష్టమో ఎవరికి వాళ్లు ప్రయత్నించి చూడాల్సిందే.

ప్రభువు తన డెబ్బదిమంది శిష్యులను ఊళ్లకు పంపినప్పుడు సంచి వద్దన్నాడు. డబ్బూ వద్దన్నాడు, చెప్పులూ వద్దన్నాడు. అంటే మంచం కింద జంతికలు ఉండకూడదన్నమాట. ఏ ఇంటికి వెళ్తే ఆ ఇంటికి ముందు సమాధానం పలకాలి, ఇల్లిల్లూ మారకూడదు, పెట్టింది తినాలి. ఆ తర్వాతే రోగులను స్వస్థపరచడం, దేవుని రాజ్యం గురించి చెప్పడం. ఈ వరుస గమనించారా? సువార్త మోసుకెళ్లేవాడు ముందు ఆకలితో వెళ్లి ఒకరి బల్ల దగ్గర కూర్చోవాలి. మనమైతే ఇచ్చేవాళ్లుగానే ఎక్కడికైనా వెళ్లాలనుకుంటాం. పెట్టడం మనకు బాగా వచ్చు, పెట్టించుకోవడమే రాదు. ఒకరికి రుణపడతామేమోనన్న భయం. దాన్నే వినయం అనుకుంటాం. నా మట్టుకు అందులో సగం గర్వమే అనిపిస్తుంది.

మరి దానియేలు? అతడు పళ్లెం నెట్టేసి లేచిపోలేదు. అధికారిని అడిగాడు, పది రోజులు పరీక్షించి చూడమని బతిమాలాడు. మనస్సాక్షి ఒప్పుకోని పదార్థం ఏదైనా ఉంటే మన పిల్ల కూడా మొదటి రోజే నోరు తెరిచి, మెల్లగా చెప్పాలి. ఆ ఇంటావిడ సంతోషంగా వింటుంది, చెప్పకపోతే ఆవిడకు తెలిసే దారేదీ? అదే మొహమాటానికైతే ఏ వాక్యపు అండా లేదు. ఇల్లు మారవద్దన్న మాటను పట్టుకుని, భద్రత లేని చోట కూడా పళ్ల బిగువున ఉండిపొమ్మని ఎవరూ బోధించకూడదు. చేర్చుకోని ఊళ్లో కాళ్ల ధూళి దులిపి వచ్చేయమని ప్రభువే ఆ వెంటనే చెప్పాడు. అటువంటప్పుడు తనను ఆ ఇంట్లో చేర్చిన సంస్థ స్థానిక కోఆర్డినేటర్‌కు ఆ రోజే ఫోన్ చేయాలి.

లూకా పదో అధ్యాయం చివర ప్రభువే ఒకరి ఇంట అతిథి. మార్త పిలిచింది, ఆయన వెళ్లాడు. ఆకాశాన్నీ భూమినీ చేసినవాడు, ఒక పల్లెటూరి వంటింట్లో కూర ఉడికేదాకా కూర్చున్నాడు.

ప్రార్థన: ప్రభువా, ఈ పూట పరాయి బల్ల దగ్గర కూర్చున్న మా పిల్లలకు, ఆకలైతే ‘ఇంకొంచెం పెట్టండి’ అని అడిగే చనువు ఇవ్వు. పైసా తీసుకోకుండా వాళ్లకు పెడుతున్న తల్లిదండ్రుల్ని, తమ గదిలో చోటిచ్చిన ఆ ఇంటి పిల్లల్ని దీవించు. ఎక్కడినుంచో చదువుకోవడానికి మా ఊరొచ్చి, ఇంటి భోజనానికి మొహం వాచి ఉన్న విద్యార్థి ఎవరైనా ఉంటే ఈ ఆదివారం మా ఇంటికి పంపు. యేసు నామంలో, ఆమేన్.