పాటల చాపకూడు

తనకు రుచించిన పాటను మఱియొకనికి వినిపింపక యుండలేకపోవుట మనుష్యునకు సహజము. మంచి మామిడిపండు దొరకినవాడు దానిని చాటున తిని యూరకుండిన నుండవచ్చును. పంచినకొలది పండు తగ్గును గదా! పాట యట్టిది కాదు. ఎందఱు వినినను అది తఱుగదు. కావున పాటను పంచుకొనుటలో త్యాగ మేమియు లేదనియు, త్యాగము లేనిచోట ధర్మాధర్మవిచారమునకు తావు లేదనియు తోచవచ్చును. నేనును చాలకాలము అట్లే తలంచితిని. ఇప్పుడు తలంపను. పాటను పంచుకొనుటయందును ఒక ఋణము కలదనియు, ఆ ఋణము నెగవేయుట మనలో నతిసాధారణమైన దోషమనియు నా నమ్మకము. నేనును ఆ దోషము చేసినవాడనే. కావున ఇతరులను నిందించుటకు గాక, నా తప్పును విమర్శించుకొనుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను నూజెండ్ల ప్రాంతమున ఉపాధ్యాయవృత్తిలో నున్నవాడను. సాయంకాలము బడి విడిచిన పిదప పెద్దతరగతుల పిల్లలు కొందఱు బస్సుకొఱకు వేచియుందురు. వారిలో నెవనియొద్దనో ఒక సెల్‌ఫోను ఉండును. వాడు తన రెండు చెవులలోని ఇయర్‌ఫోనులలో ఒకదానిని తీసి ప్రక్కవాని చెవిలో నుంచి, "ఇది వినరా!" అనును. ఇంతవఱకు చూచుటకు ముచ్చటగానే యుండును. మఱునాడు ఆ పాట నలుగురి నోళ్లలో పడగనే కలహము పుట్టును. "ఆ పాట ముందు చెప్పింది నేను!" అని యొకడు, "కాదు, నేను!" అని యింకొకడు. మొదట ఈ కలహమును చూచి నవ్వుకొంటిని. పాట కట్టినవాడు వేఱొకడు, పాడినవాడు వేఱొకడు. దానిని కనుగొన్నందుకు వీరికేమి గొప్ప యని నా తలంపు. పిదప ఆలోచింపగా ఆ పిల్లల కలహమునందు ఒక న్యాయమున్నదని తెలిసినది.

"పుఱ్ఱెకొక బుద్ధి, జిహ్వకొక రుచి" యని మనవారి సామెత. రుచి యెవరిది వారిదే యైనచో, "ఇది వినుము" అని యొకడు మఱియొకనితో ననుటకు అర్థమేమి? జర్మను తత్త్వవేత్త కాంటు 1790వ సంవత్సరమున వెలువరించిన గ్రంథమున ఈ ప్రశ్ననే చర్చించెను. ఒక పానీయము నాకు ఇంపుగా నున్నదని చెప్పునపుడు నేను నా సంగతియే చెప్పుకొనుచున్నాను. ఇతరులు కాదన్నను నాకు నష్టము లేదు. కాని యొకదానిని సుందరమని చెప్పునపుడు, ఋజువు చూపజాలకయే, అందఱును నాతో నేకీభవింపవలెనని కోరుచున్నాను. ఆయన సిద్ధాంతసారమిది. మన యాలంకారికులు వేఱొక త్రోవను నడచి ఇంచుమించు ఈ చోటికే చేరిరి. భట్టనాయకుడు సాధారణీకరణమని చెప్పినదియు, సుమారు వేయి యేండ్ల క్రిందట కాశ్మీరమున అభినవగుప్తుడు సహృదయుని గూర్చి చెప్పినదియు ఈ విషయమునే బోధించుచున్నవి. రసానుభవకాలమున నాది, నీది యను భేదము తొలగును; ఒకని హృదయమున కలిగినది సమానహృదయము గల మఱియొకనికిని కలుగును.

ఈ రెండు మతములను చేర్చి చూచినచో, "ఈ పాట వినుము" అను చిన్నమాటలో నెంత యర్థమున్నదో తెలియును. నీ హృదయము నా హృదయమువంటిదే యని నమ్ముచున్నానని చెప్పువాని భావము. ఆ మాట నమ్మి వినువాడు, నీ చెవి నా చెవికంటె తక్కువది కాదని, నోటితో చెప్పకయే యొప్పుకొనుచున్నాడు. కావున పాటను చెప్పుటయు వినుటయు సమానుల నడుమ జరుగు వ్యవహారము. సమానత్వమును సహింపని సంఘమున ఈ వ్యవహారము ఎట్లు చెడునో చూడవలసియున్నది.

పూర్వము పాట వినవలెనన్నచో పాడువానియొద్దకు పోవలెను. 1902లో గ్రామఫోను కంపెనీవారు కలకత్తాలో గౌహర్ జాన్ మొదలగువారి పాటలను రికార్డు చేసిరి. నాటినుండి మన దేశమున పాట, పాడినవారిని విడిచి ప్రయాణము చేయసాగెను. ఆ రికార్డులపై ఒక్కొక్క ప్రక్కను ఇంచుమించు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. దీర్ఘమైన సంగీతమునకు పెక్కు రికార్డులు కావలసివచ్చి, వానిని పుస్తకమువలె అట్టసంచులలో కూర్చి అమ్మిరి. ఒకచోట కూర్చిన పాటలను నేడు ఆల్బమనుట అక్కడినుండి వచ్చినదే. ఐనను గ్రామఫోను కలవారి సొత్తు. పెట్టె యెవని యింట నుండెనో వాని రుచియే ఊరి రుచి. 1963లో ఫిలిప్సు కంపెనీవారు వెలువరించిన కాసెట్టు, 1980వ దశకమున మన పల్లెలకు వచ్చిన పిమ్మట ఆ స్థితి మాఱినది. కాసెట్టు కొద్ది రూపాయలకు దొరకెను. ఒకదానినుండి మఱియొకదానికి నకలు తీసికొనవచ్చును. పేదవాడు సైతము పెద్దయింటివానితో "ఇది విను" అని చెప్పగల కాలము వచ్చినది. నా తప్పు ఆ కాలమున జరిగినది.

నేను తొమ్మిదవ తరగతి చదువు దినములలో దళితవాడనుండి వచ్చు తోడివిద్యార్థి యొకడు నాకు మిత్రుడుగా నుండెను. ఆతని తండ్రికి నాటకపద్యములన్న ప్రాణము. ఒకనాడు ఆతడు ఒక కాసెట్టు తెచ్చి, "రెండోవైపు మొదట్లో వచ్చే పద్యాలు విను. నాకైతే ఏడుపొచ్చింది" అని చెప్పి యిచ్చెను. అవి హరిశ్చంద్ర నాటకమున కాటిసీనులో పాడు పద్యములు. పద్యమన్నచో పరీక్షకొఱకు మోయవలసిన బరువని యంతవఱకు తలంచిన నాకు ఆ రాత్రి నిదుర పట్టలేదు. మఱునాడు మా తాతగారికి వినిపించితిని. వారు నాటకములు చూచి పండినవారు. కన్నులు మూసికొని విని, టేపు వెనుకకు త్రిప్పించి మరల విని, "ఎక్కడిదిరా ఇది?" అని యడిగిరి.

"వినుకొండలో కొన్నాను తాతయ్యా" అంటిని.

తాతగారు నా తల నిమిరి, "నీకు మంచి చెవి ఉందిరా" అనిరి.

ఆ సమయమున నా మిత్రుడు కాసెట్టు తిరిగి తీసికొనిపోవుటకు వచ్చి మా ప్రహరీగోడ వెలుపల నిలిచియుండెను. నేను పిదప చూచితిని. ఆతడేమియు అనలేదు. కాసెట్టు పుచ్చుకొని పోయెను. బడిలో మునుపటివలెనే మాటలాడెను, లెక్కలు చెప్పించుకొనెను. కాని ఆ పిమ్మట నాకొక్క పాటయైనను చెప్పలేదు.

తాతగారి భయముచేత అట్లు చెప్పితినని తప్పించుకొనజాలను. నిజము చెప్పినచో వారు కోపించెడివారో లేదో నేనెఱుగను, పరీక్షించియే చూడలేదు. ఆ మెప్పు నాకు కావలసియుండెను. పాట యే వాడనుండి వచ్చెనో చెప్పినచో మెప్పు తగ్గునని భయపడితిని. ఇంతకుమించి కారణము లేదు.

కొన్నియేండ్లకు తెలిసిన సంగతి నా సిగ్గును ఇబ్బడి చేసెను. హరిశ్చంద్ర నాటకము బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి రచనయే కాని, కాటిసీనులో నటులు పాడి జనులను కంటతడి పెట్టించు పద్యములలో కొన్ని గుఱ్ఱము జాషువగారివి. ఆయన 1895లో మా పొరుగున నున్న వినుకొండలోనే జన్మించిరి. అస్పృశ్యతాబాధను స్వయముగా ననుభవించిరి. 1941లో వెలువడిన ఆయన గబ్బిలమున, గుడిలోనికి తాను పోజాలని దీనుడు, గుడిలోనికి పోగల గబ్బిలముచేత ఈశ్వరునకు మొఱ పంపుకొనును. కాటిసీనుకు "ఒన్స్ మోర్" అని కేకలు వేసినవారిలో ఆ పద్యములు ఎవరివో యెఱిగినవారు ఎందఱు? పద్యము గబ్బిలమువలె లోనికి పోయినది. కవి వెలుపలనే నిలిచెను. మా యింటనుండి తిరిగి పోయిన కాసెట్టు కథయు అట్టిదే. పద్యమును తాతగారి కూర్చుండు గదివఱకు రానిచ్చి, దానిని తెచ్చినవానిని ప్రహరీకవతలనే నిలిపితిని.

మా పల్నాటిసీమవారికి చాపకూడను మాట క్రొత్తది కాదు. పండ్రెండవ శతాబ్దమున బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక అందఱను ఒక్క చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని వీరకథ చెప్పుచున్నది. కారెంపూడి వీరుల యుత్సవములందు నేటికిని చాపకూడు జరుగుచున్నది. చాపకూడన్నచో అన్నదానము కాదు. అన్నమును పెరటిత్రోవను పంపినను కడుపు నిండును. కాని యది చాపకూడు కాదు. ప్రక్కప్రక్కను కూర్చుండి ఒకరి మొగ మొకరు చూచుచు తినుటయే దాని ప్రాణము. నేను చేసినది పెరటిత్రోవ వ్యవహారము. కాసెట్టును తిరిగి యిచ్చితిని. "మంచి చెవి" యను బిరుదును మాత్రము నాయొద్దనే యుంచుకొంటిని. ఆ బిరుదు నా మిత్రునిది. ఈ పల్నాటి వీరుల కథనే అమెరికాకు చెందిన జీన్ రోఘేరు అను పండితుడు ఆంగ్లమున 1982లో ప్రకటించినపుడు, దానిని పాడిన అలిసెట్టి గాలెయ్య పేరు చెప్పియే ప్రకటించెను. పరదేశి పాటించిన ధర్మమును నేను పొరుగువాని విషయమున పాటింపలేకపోతిని.

పాట తన బలముచేతనే నిలువవలెను. దానిని చెప్పినవాని పేరుతో నేమి పని యని కొందఱడుగవచ్చును. ఆనందించుటకు ఆ పేరక్కఱలేదు. వండినవారెవరో తెలియకున్నను కూర రుచిగానే యుండును. కాని కృతజ్ఞతకు పేరు కావలెను. మన సంగీతవిద్వాంసులు గురువు పేరు చెప్పుకొనుటను గౌరవముగా భావింతురు. పాటను నేర్పినవానికి ఋణపడినపుడు, అట్టి పాట యొకటి లోకమున గలదని తెలిపినవానికి ఏమియు ఋణము లేదా?

పేర్లు చెప్పుట గర్వమునకు దారితీయునని వేఱొక యాక్షేపము. ఇందు కొంత నిజము లేకపోలేదు. విజయవాడ ఆకాశవాణి 1948లోను, వివిధభారతి 1957లోను ప్రారంభమైనవి. శ్రోతలు కార్డు వ్రాసి తమకు నచ్చిన పాటను కోరుటయు, ఆ పాటకు ముందు వారి పేరును ఊరును చదువుటయు ఆచారమాయెను. నేడు జార్ఖండు రాష్ట్రమున నున్న ఝుమ్రీతలయ్యా యను చిన్నపట్టణము ఇట్టి కార్డులచేత దేశమంతట ప్రసిద్ధి కెక్కినది. కొందఱికి పాటకంటె తమ పేరు వినుటయందే మక్కువ యని పరిహాసము పుట్టినది. కాని తన పేరు తాను చాటుకొనుట వేఱు. పరుని పేరు మనము చెప్పుట వేఱు. మొదటిది గర్వము కావచ్చును. రెండవది బాకీ తీర్చుట. అదియునుగాక, ఆ రేడియోలో పట్టణపు ధనికుని పేరును, మాఱుమూల వాడలోని కూలివాని పేరును ఒకే గొంతుతో ఒకదాని వెంట నొకటి చదివెడివారు. అదియు ఒక చాపకూడే.

నేడు ఈ పనిని యంత్రము చేయుచున్నది. ఒక పాట వినగనే, "ఇదియు నీకు నచ్చును" అని సెల్‌ఫోను వేఱొకదానిని చూపును. ఆ యంత్రమువలన గలిగిన మేలు చిన్నది కాదు. బిస్మిల్లా ఖాను సన్నాయిని నూజెండ్ల పిల్లవాడు క్షణములో వినగలుగుచున్నాడు. కులము చూచి పాట నిరాకరించు బుద్ధి దానికి లేదు. ఐనను అది పాటను తాను వినదు. దానికి ఏడుపు రాదు. నీవంటి రుచిగల వేలమంది యేమేమి వినిరో లెక్కగట్టి ఆ లెక్కనుండి నీకొక పాటను తీసి యిచ్చును. ఆ వేలమంది చెవులే నీకు పాటను చెప్పినవి. వారి పేర్లు మాత్రము నీకు తెలియవు. తాతగారికి నేను చెప్పిన జవాబును యంత్రము ప్రతిదినము లోకమంతటికి చెప్పుచున్నది. దానికి సిగ్గు లేదు, ఉండనక్కఱయు లేదు. మనకు మాత్రము ఉండవలెను.

కావున నా విద్యార్థులతో నేడు చెప్పుచున్నది ఇంతే. పాటను పంచుకొనుడు. మీకు నిజముగా నచ్చినదానినే చెప్పుడు. గొప్పవారు మెచ్చినదని నచ్చనిదానిని మెచ్చకుడు. ఎదుటివానికి నచ్చకున్న కోపింపకుడు. కట్టినవాని పేరును, పాడినవాని పేరును తెలిసికొని చెప్పుడు. వానితోడనే, నాకీ పాటను ఫలానావాడు చెప్పెనని సంతోషముతో చెప్పుడు. "ముందు చెప్పింది నేను" అని వాడు కలహింపవలసిన యవసరము రానీయకుడు.

మా తాతగారు ఇప్పుడు లేరు. మిత్రుడు అప్పుడప్పుడు వినుకొండలో కనబడును. పిల్లల చదువులనుగూర్చి మాటలాడుకొందుము. కాసెట్టు మాట మా యిరువురిలో నెవరును ఎత్తలేదు. మొదట ఎత్తవలసినవాడను నేను. నాడు ప్రహరీలోపల పలుకవలసిన జవాబును ముప్పదియేండ్లు ఆలస్యముగా ఇచ్చట పలుకుచున్నాను. ఆ పద్యములను నేను వినుకొండలో కొనలేదు. నా తోడివిద్యార్థి నాకు చెప్పెను. మంచి చెవి ఆతనిది.