విప్పిన బల్ల ఉన్నట్టా, లేనట్టా?

టేకు భోజనబల్ల ఒకటి ఉంది. నాలుగు కాళ్లూ పైపలకా బోల్టులతో బిగించినవి. ఇల్లు మారేటప్పుడు దాన్ని విప్పి అటకెక్కించారు. ఆరు నెలల తర్వాత మళ్లీ బిగించి, దాని మీదే భోంచేశారు. ఆ ఆరు నెలలూ బల్ల ఉన్నట్టా, లేనట్టా? మన దర్శనాలు శతాబ్దాల పాటు వాదించుకున్న అవయవి (భాగాలు కలిసి ఏర్పడే మొత్తం) ప్రశ్న ఇదే. వైశేషికుల జవాబు కటువైనది: విప్పినప్పుడే ఆ బల్ల నశించింది, ఇప్పుడు ముందున్నది కొత్తది. బౌద్ధుల జవాబు ఇంకా కటువు: బల్ల అనేది అసలెప్పుడూ లేదు, కాళ్లూ పలకా కలిసి ఉన్నప్పుడు వాడుక కోసం పెట్టుకున్న పేరది. ఈ రెండూ చాలవని నా అభిప్రాయం. అందుకు నేను చూపే సాక్ష్యం కాలి తలలో దాగి ఉండే చిన్న ఇత్తడి గొట్టం.

దాన్ని థ్రెడెడ్ ఇన్‌సర్ట్ అంటారు. బయటివైపు మరచుట్లు ముతకగా, లోతుగా ఉండి చెక్కను కరచుకుంటాయి. లోపలి చుట్లు సన్ననివి, బోల్టు ఎక్కేది వాటిలోకి. ఎం6 రకంలో చుట్టుకీ చుట్టుకీ మధ్య 1 మిల్లీమీటరు, ఎం8లో 1.25. ఇది లేకుండా మామూలు స్క్రూతో బిగించినా బల్ల నిలుస్తుంది. కానీ విప్పి బిగించిన ప్రతిసారీ స్క్రూ చుట్టూ ఉన్న నార కొంత నలుగుతుంది, చివరికి రంధ్రం వదులై స్క్రూ ఊరికే తిరుగుతుంది. ఇన్‌సర్ట్ ఉంటే తిరిగేది లోహంలో లోహం, చెక్కకు ఆ రాపిడి తగలదు. అందుకే దాన్ని దించేటప్పుడు అంత జాగ్రత్త. గట్టి చెక్కలో రంధ్రం కాస్త పెద్దదిగా, మెత్తటి చెక్కలో కాస్త చిన్నదిగా వేయాలి. టేకులో ఇరుకు రంధ్రం వేసి బలవంతంగా తిప్పితే ఇత్తడి విరుగుతుంది, లేదా చెక్క చీలుతుంది. రంధ్రం అంచును ముందే వాలుగా తొలవకపోతే చెక్క ఉబికి, రెండు ముక్కలూ ఒకదానికొకటి ఆనవు. కాలి తలలో ఉండేది అడ్డకోత ముఖం. అక్కడ నార నిలువుగా ఉండడం వల్ల పట్టు తక్కువ, కనుక పొడవాటి ఇన్‌సర్ట్‌ను ఎపాక్సీ పూసి దించుతారు. ఎంత నేర్పరి చేతిలోనైనా అది వెంట్రుకవాసి వాలుతుంది. ఆ వాలును బట్టే పైపలకలో దానికి ఎదురు రంధ్రం సర్దుకుంటుంది. కాళ్ల మీదా పలక అడుగునా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పెన్సిలుతో గుర్తులు పెట్టేది అందుకే. రెండో కాలిని మూడో మూలలో పెడితే బోల్టు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది.

ఇప్పుడు వైశేషికుల మాట విందాం. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఇవాళ్టికీ తర్కం నేర్చుకునేవారికి తొలి పాఠం. అందులో చెప్పినట్టు, విడిగా ఉండగలిగినవి కలిస్తే సంయోగం. అది గుణం, వస్తుంది, పోతుంది. విడిగా ఉండలేనివాటి మధ్య నిత్యసంబంధం సమవాయం. కాళ్లకూ పలకకూ ఉన్నది సంయోగం. బల్ల అనే అవయవి మాత్రం తన అవయవాల్లో సమవాయంతో ఉంటుంది. వస్త్రానికి దారాలు సమవాయికారణమైతే దారాల సంయోగం అసమవాయికారణం. ఆ సంయోగం పోతే వస్త్రమూ పోతుంది. ఒక్క పోగు లాగేసినా పాత వస్త్రం నశించి ఖండపటం అనే కొత్త వస్త్రం పుడుతుందని చెప్పడానికి కూడా వాళ్లు వెనకాడలేదు. ఈ తెగింపు నాకు గౌరవం కలిగిస్తుంది. అయితే ఇదే సంప్రదాయం, ఏ వస్తువూ ఒక్క క్షణానికి మించి నిలవదనే క్షణికవాదాన్ని ఖండించేటప్పుడు ప్రత్యభిజ్ఞను ఆధారం చేసుకుంటుంది: నిన్న చూసిన కుండే ఇది అని గుర్తుపడుతున్నాం కనుక వస్తువు నిలిచి ఉందని. అటక దించిన బల్లను ఇంటిల్లిపాదీ మన బల్లే అని గుర్తుపడితే అది మాత్రం భ్రాంతి అనడం ఎలా కుదురుతుంది?

బౌద్ధుల వైపు అందరికీ తెలిసిన ఉదాహరణ మిలిందపన్హలోని రథం. ఇరుసు రథమా, చక్రం రథమా అని భిక్షువు నాగసేనుడు ఒక్కొక్కటే అడుగుతూ పోయి, రథం వ్యవహారనామమని మిలింద రాజు చేతనే ఒప్పిస్తాడు. దీనికి ఎదురుగా గౌతముడి న్యాయసూత్రాలు చూపే యుక్తి ధారణాకర్షణలు: ఒక భాగాన్ని పట్టి లాగితే మొత్తం కదులుతుంది, కనుక మొత్తం అనేది ఉంది. భాష్యకారుడు వాత్స్యాయనుడు ఈ యుక్తి బలహీనతను దాచలేదు. లక్కతో అతికిన గడ్డీ రాయీ కర్రా కూడా ఒకటి లాగితే మూడూ వస్తాయి, అంతమాత్రాన అవి ఒకే అవయవి కావు. నా దృష్టిలో చర్చ మలుపు తిరిగేది ఇక్కడే. అతుక్కుని ఉండటం వస్తువు ఏకత్వానికి గుర్తు కానప్పుడు, విడిపోవటం దాని నాశనానికి గుర్తు ఎందుకవ్వాలి?

విప్పిన కాళ్లలో మిగిలేది ఒక అమరిక. రెండో కాలిలోని ఇత్తడి వాలు రెండో మూలకే సరిపోతుంది. కలప అడితిలోని దుంగలకు అలాంటిదేమీ లేదు, వాటితో ఏ బల్లయినా చేయొచ్చు. ఈ అమరికను వర్ణించడానికి కొత్త పదార్థం కల్పించనక్కర్లేదు. సంస్కారాల్లో స్థితిస్థాపకం అనే దాన్ని వైశేషికులే ఒప్పుకున్నారు. వంచిన చాప వదలగానే పూర్వస్థితికి వస్తుంది, ఆ స్థితి చాపలో శక్తిగా నిలిచి ఉంది కాబట్టి. చాప తనంతట తానే వస్తుంది, బల్లకు మనిషి చెయ్యి కావాలి కదా అనవచ్చు. చెయ్యి కావాలి, నిజమే. కానీ ఏ కాలు ఎక్కడికి వెళ్లాలో చెయ్యి నిర్ణయించడం లేదు, ముందే నిర్ణయమైనదాన్ని అనుసరిస్తోంది. చెయ్యి నిమిత్తకారణం మాత్రమే.

ఈ అమరిక కూడా బుద్ధి కల్పించినదేనని బౌద్ధుడు అంటాడు. బల్ల, కాలు అనే పేర్లు మనవి, ఒప్పుకుంటాను. తప్పు మూలలో బోల్టు బిగుసుకుపోవటానికి మాత్రం మన సమ్మతి అక్కర్లేదు, పేర్లు తెలియనివాడి చేతిలోనూ అది అలాగే ఆగుతుంది. ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఫ్యాక్టరీ బల్ల. యంత్రం వేసిన రంధ్రాలన్నీ ఒక్కలా ఉంటాయి, ఏ కాలైనా ఏ బల్లకైనా సరిపోతుంది. అక్కడ నా వాదం సన్నబడుతుంది. ఆ కాళ్లలో ఒక జాతి బల్లకు తగిన అమరిక ఉంది గానీ ఫలానా బల్లకు తగినది లేదు. పది బల్లలు విప్పి కలిపేస్తే వాటిలో ఏది ఏదన్న ప్రశ్నకు జవాబే ఉండదు. దాన్ని నా వాదానికి ఓటమిగా చూడను. ఏకత్వం అన్ని వస్తువుల్లోనూ ఒకే మోతాదులో ఉండాలన్న నియమం ఎక్కడిది?

నాగసేనుడు రథం ఊసెత్తింది రథం కోసం కాదని మరవకూడదు. నాగసేనుడనే వ్యక్తి ఎవరన్నది అక్కడి ప్రశ్న. మనిషి విడదీయరాని ముద్ద కాదన్నంతవరకు ఆయన వెంట నడుస్తాను. విడదీయగలిగినది కనుక వట్టి పేరే అన్నచోట ఆగిపోతాను, బల్ల విషయంలోనే ఆ యుక్తి నిలవలేదు కనుక. ఇక అమరికకు నాశనం లేదని కూడా నేను అనడం లేదు. బరువుకు ఇన్‌సర్ట్ నారతో సహా ఊడి వచ్చేస్తే, రంధ్రంలో చెక్క ముక్క జిగురుతో దిగగొట్టి, మళ్లీ తొలిచి, కొత్త ఇన్‌సర్ట్ దించుతారు. పాత వాలు పోయింది, పలకతో కొత్తగా సరిచూసుకోవాలి. ఆ కాలి మట్టుకు వైశేషికుల తీర్పే సరైనది. మూడు కాళ్లకు అలా జరిగినా నాలుగో కాలిలో మొదటి ఇత్తడి ఉన్నంతకాలం పాత బల్ల అనే అంటాను. అదీ ఊడివచ్చాక కొత్త బల్ల అనడానికి సంకోచించను.