కింది వాటా ఆ అమ్మాయికే ఇవ్వు

నాయనా,

కింది వాటా అడిగిన అమ్మాయి చక్రాల కుర్చీలో తిరుగుతుందని, అలాంటివాళ్లకు అద్దెకిస్తే ఇంటి పన్ను ఏమన్నా తగ్గుతుందా అని ఫోన్లో అడిగావు. తీరిగ్గా చెప్పాల్సిన మాటని రాస్తున్నాను.

తగ్గదు. 2021 నుంచి మన ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల్లో పన్ను ఇంటి మూలధన విలువ మీద వేస్తున్నారు. అద్దెకున్నది ఎవరన్న లెక్క అందులో లేదు. ఏడాది పన్ను ఏప్రిల్ 30లోపు ఒకేసారి కడితే వచ్చే 5 శాతం రాయితీ ఎవరికైనా వచ్చేదే, దాన్ని వదులుకోకు. ఢిల్లీలో దివ్యాంగులకు 30 శాతం తగ్గిస్తారు గానీ, అది వాళ్లు సొంత ఇంట్లో ఉంటేనే. నువ్వడిగినటువంటిది న్యూయార్క్‌లో ఉంది. అద్దె నియంత్రణలో ఉన్న ఇళ్లలో, రాబడి తక్కువున్న దివ్యాంగులకు అద్దె పెరగకుండా ఆపి, ఆ తేడాను ఇంటివాళ్లకు ఆస్తి పన్నులో తగ్గిస్తారు. సాయం చేసినవాడి మీదే బరువంతా పడకుండా ఊరు పంచుకోవడం న్యాయం. మన దగ్గరా రావాలి. నలుగురు ఇంటివాళ్లను కూడగట్టి మున్సిపాలిటీ ద్వారా ప్రభుత్వానికి అర్జీ పెట్టు, నేనూ సంతకం చేస్తాను.

అది వచ్చేదాకా మాత్రం ఆ అమ్మాయిని ఆపకు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ గృహ పథకాల్లో 5 శాతం వాళ్లకు కేటాయించమంది. అద్దె ఇంటి తాళం మాత్రం నీలాంటివాళ్ల చేతుల్లోనే ఉంది.

అద్దె సరిగ్గా ఇస్తుందా అన్న అనుమానం నీకెందుకు? నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలు పూత మీదే గుత్తకు తీసుకుంటావు. తేనెమంచు పురుగుకూ ఈదురుగాలికీ ఎదురొడ్డి అంత డబ్బు పెట్టే నీకు, మిషను కుట్టుకుని బతికే మనిషిని నమ్మడం కష్టమా? 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 అయింది. నెల మొదట్లో చేతికందుతుంది. అద్దె 5వ తేదీకి పెట్టుకో, ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

ఇక ఇంటి సంగతి. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు చొప్పున వాలు ఉండాలి. మీ అరుగు అడుగున్నర కాబట్టి 18 అడుగులు కావాలి. పక్క సందులో చోటుంది, మధ్యలో కాస్త చదును వదిలి కట్టించు. గచ్చు జారకుండా గరుగ్గా ఉండాలి. స్నానాలగది గుమ్మం 90 సెంటీమీటర్లన్నా ఉండాలి, గడప తీయించు, తలుపు బయటికి తెరుచుకోవాలి, గోడకు పట్టుకోవడానికి కడ్డీ వేయించు. ఏది ఎంత ఎత్తులో ఉండాలో ఆ అమ్మాయినే అడుగు, మేస్త్రీ కన్నా ఆమెకే బాగా తెలుసు. ఈ ఖర్చు అద్దెలో కలపకు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని మీ అమ్మకూ ఆ వాలే దారవుతుంది.

అందరితో రాసుకున్నట్టే అగ్రిమెంటు రాసుకో. ఇంట్లో ఎవరి నోటా ఆమె ముందు 'పాపం' అన్న మాట రానీయకు. ఆమె దయ అడగలేదు, ఇల్లు అడిగింది.

ఈ వారంలోనే అవునని కబురు పెట్టు. ఇల్లు వెతుక్కుంటూ ఆమె ఇంకో వీధి తిరిగే పని తప్పుతుంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న