బాలుర కథాక్రీడయందు అహింస

కొట్టరాదని శాసించుటవలన బాలుని మనస్సున కొట్టవలెనను కోరిక నశించునా? ఈ వేసవి సెలవులలో మా యింటి వసారాలో అయిదుగురు పిల్లలతో కథాక్రీడ నడుపుచుండగా మాకీ సంశయము కలిగినది.

ఈ క్రీడలో పెద్దవాడొకడు కథను మొదలుపెట్టును. పిల్లలు తలకొక పాత్ర పూని, తామేమి చేయుదురో చెప్పుచుందురు. దానినిబట్టి కథ సాగును. 1974లో అమెరికాలో గైగాక్సు, ఆర్నెసను అనువారు ప్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ జాతి ఆటలకు దారితీసినది. అది యుద్ధక్రీడలనుండి పుట్టినది కావున అందు దెబ్బల లెక్కయే మెండు. 2006లో జపానులో కమియ రియో రచించిన 'యూయాకె కోయాకె' యందన్ననో పోరు లేదు, పాచికలును లేవు. మనుష్యరూపము ధరింపగల నక్కలు, పిల్లులు, కుక్కలు ఒక చిన్నయూరివారి కష్టములు తీర్చుచుండును. ఒకరు చక్కని పని చేసినపుడు తక్కినవారు మెచ్చి వారికి 'కలలను' బహూకరింతురు.

మాకీ పద్ధతి నచ్చి, మొదటినాడే "ఎవ్వరును కొట్టరాదు" అని నియమించితిమి. మా కథలో చెరువుతూము తెరవనీయని ముసలివాడొకడు కలడు. తొమ్మిదేండ్ల బాలుడు "వానిని తోసివేసి తూమెత్తుదు" ననెను. కూడదంటిమి. ఆ సాయంకాలమంతయు వాడు మరల నోరు విప్పలేదు. వాడు మానినది హింస కాదు, ఆట. ఇన్నియేండ్లు బడిలో బెత్తము ప్రక్కన కూర్చుండిన మాకిది ముందే తోపకపోవుట విడ్డూరము!

మఱునాడు ఆ నియమమును తీసివైచి, ముసలివానికొక కారణము కల్పించితిమి. బాలుడు మరల తోసెదననెను. "సరే, పడినాడు. బురదలో చేతులతో తడుముకొనుచున్నాడు" అని మేము ఊరకుంటిమి. కొంతసేపటికి వాని చెల్లెలు "ఏమి వెదకుచున్నాడు?" అని యడిగెను. మనుమని కాలి కడియము. తూమెత్తినచో నీటితో పోవునని యాతని భయము. అంతట అయిదుగురును బురదలో దిగిరి. తోసినవాడే అందఱికంటె ముందు దిగెను.

పోరులేని కథలు పిల్లలను పిఱికివారిని చేయునని మా మిత్రులొకరు ఆక్షేపించిరి. భారతమున యుద్ధము లేదా యనిరి. కలదు. కాని భారతమును బాలుడు వినును. ఇచ్చట "నేను తోసితిని" అని తన నోటితో చెప్పవలెను. ఆ 'నేను' అనుమాటయే మాకు ముఖ్యము.

అయినను నిన్న ఆ చెల్లెలే "కారణమేమియు లేక, ఊరకే నీళ్లాపువాడైతేనో?" యని యడిగినది. మేముత్తరము చెప్పలేదు. రేపటి కథలో అట్టివాని నొకని నిలిపి, వారేమి చేయుదురో చూతము.